చెల్లెలి పెళ్ళిలో నా జారుడు సంగీతం

కొల్లేటి వరదల్ని కళ్ళారా చూసినవాళ్ళు మావైపు చాలామందే ఉన్నారు. గట్లు తెగి, చెరువులన్నీ ఏకమైపోయి, ఒకరు పెంచిన చేపలు మరొకరి పులుసులో తేలిన రోజుల్ని కథలు కథలుగా చెబుతారు. ఆ వరదలన్నిటినీ తక్కెడలో ఒకవైపు వేసి, మా సునీత పెళ్ళిలో నేను తెచ్చిపెట్టిన ఉపద్రవాన్ని రెండోవైపు వేయండి. తక్కెడ నావైపే మొగ్గుతుంది. నీళ్ళు తీశాక వాళ్ళు గట్లు కట్టుకున్నారు. నా పరువుకి మాత్రం ఇప్పటిదాకా గట్టు పడలేదు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. నేను తాడేపల్లిగూడెంలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. ఎక్సెల్లో రెండు గడులు కూడి చూపిస్తే చాలు, పిల్లలు నోరు తెరిచేవారు. ఆ తెరిచిన నోళ్ళు చూసి చూసి, కంప్యూటర్‌ని నేనే కనిపెట్టానేమో అన్న అనుమానం నాలో బలపడిపోయింది.

సునీత మా బాబాయి కూతురు. కొల్లేటి గట్టు మీది మా ఊళ్ళోనే పెళ్ళి. మా చర్చిలో పెళ్ళికి ఒక పద్ధతుంది. పెళ్ళికూతురు వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. లోపల క్వయర్, అంటే మా పాటల బృందం, పాట ఎత్తుకున్నాకే అడుగు లోపల పెడుతుంది. పాట లేనిదే అడుగు లేదు, అడుగు లేనిదే పెళ్ళి లేదు. ఆ పాట నాలుగు గొంతుల పాట. ఆడవాళ్ళలో పై గొంతు, కింది గొంతు. మగవాళ్ళలో మళ్ళీ పై గొంతు, కింది గొంతు. ఎవరి స్వరం వాళ్ళది. మిషన్ దొరలు వదిలి వెళ్ళిన తొక్కుడు హార్మోనియం ముందుగా ఆ నాలుగు స్వరాలనీ కలిపి ‘హుమ్మ్’ అని ఇస్తుంది. బంతి భోజనంలో ఎవరి విస్తరి ముందు వాళ్ళు కూర్చున్నట్టు, ఎవరి స్వరాన్ని వాళ్ళు అందులోంచి ఏరుకుంటారు. హార్మోనియం ఏదిస్తే అదే పాడాలి. మూడు తరాలుగా దాని మాటకి ఎదురు చెప్పినవాడు మా ఊళ్ళో పుట్టలేదు.

అంతటి హార్మోనియం తిత్తుల్ని పెళ్ళి దగ్గరపడ్డాక ఎలుకలు పలహారం చేసేశాయి.

సునీత నాకు ఫోన్ చేసి ఏడిచింది. “అన్నయ్యా, ఊహ తెలిసినప్పటి నుంచీ కింది గొంతులో నిలబడి ఊళ్ళో ప్రతి పెళ్ళికూతుర్నీ పాడి లోపలికి తీసుకొచ్చాను. నా పెళ్ళికి ఆ నాలుగు గొంతులూ వినపడకపోతే నేను గుమ్మం దాటనంతే.”

“నేనుండగా నీకా లోటేంటి చెల్లెమ్మా! ఎలుకలు కొరకలేని హార్మోనియం తెస్తాను చూడు,” అన్నాను.

పాఠకులారా, నాకు సంగీతం వచ్చా అని మీరు అడగొచ్చు. ఆ రోజు నన్నెవరూ అడగలేదు.

ఏలూరులో నా స్నేహితుడు ప్రకాశం ఉన్నాడు. ఒక గదికి నాలుగువైపులా గోనెసంచులు కొట్టి దాన్ని రికార్డింగ్ స్టూడియో అని పిలిచేవాడు. వాడి దగ్గరకి పరిగెత్తాను. వాడొక సీడీ తీసి, హారతి పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకున్నాడు.

“ఒరేయ్, డెబ్బైల్లో విదేశాల్లో అనలాగ్ సింథసైజర్ అని కరెంటుతో పలికే వాద్యం ఒకటి ఉండేది. బీరువా అంత. లోపలంతా వైర్లే. ఇప్పుడు దాన్ని మక్కీకి మక్కీ సాఫ్ట్‌వేర్‌గా దింపారు. నీ లాప్‌టాప్‌లో వేస్తే ఆ బీరువా నీ ఒళ్ళో కూర్చున్నట్టే.”

“గొప్ప సంగీతం వస్తుందా?”

“వినేవాళ్ళు కుర్చీల్లో ఉండర్రా!”

ఈ ఒక్క మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

సీడీతోపాటు నొక్కడానికి ఒక కీబోర్డు కూడా ఇచ్చాడు. ఉన్నవాటిలోకెల్లా చౌకది. పొడవు జానెడున్నర, బరువు అప్పడాల కట్టంత. కంప్యూటర్‌కి తగిలిస్తే తప్ప దానికి నోరు లేదు. ఇల్లలకగానే పండగ కాదంటారు గానీ, నాకు కీబోర్డు చంకన పెట్టుకోగానే కచేరీ అయిపోయినట్టే అనిపించింది.

ఇక పట్టుదల చూడండి. అప్పటిదాకా ఒంటి వేలితో ఏదో రాగం గీకడమే నా విద్య. హార్మోనియం ఇచ్చే ఆ నాలుగు స్వరాలనీ నాలుగు వేళ్ళతో ఒకేసారి నొక్కడం నేర్చుకోవాలి. మా తాడేపల్లిగూడెంలో సాయంత్రమయ్యేసరికి కరెంటు పోయేది. నా లాప్‌టాప్ బ్యాటరీ కరెంటుకంటే ముందే పోయేది. అయినా తగ్గానా? మూగ కీబోర్డుని ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండానే సాధన చేశాను. బస్సులో చేశాను, అన్నం తింటూ ఎడమచేత్తో చేశాను. పక్కింటావిడ మా అమ్మని పిలిచి, “ఏవండీ, మీ అబ్బాయికి వేళ్ళు కొంకర్లు పోతున్నట్టున్నాయి, ఎవరికైనా చూపించండి,” అని జాలిపడింది. చివరికి నిద్రలో లేపి అడిగినా నా నాలుగు వేళ్ళూ వాటి చోట్లలో పడేలా తయారయ్యాయి. అవి పడితే ఏం వినపడుతుందో మాత్రం నేనొక్కసారి కూడా వినలేదు. గట్టున కూర్చుని ఈత నేర్చినవాడికి నీళ్ళంటే భయమెందుకుంటుంది చెప్పండి!

పెళ్ళి ముందురోజు చర్చిలో సరంజామా అంతా పరిచాను. క్వయర్‌ని నడిపించే దానమ్మ టీచరుగారు కళ్ళజోడు సర్దుకుని కీబోర్డు వంక చూశారు.

“ఇంతేనా నాయనా?”

“ఇంతేనండీ.”

“శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది?”

“ఇందులోంచి రాదండీ. కంప్యూటర్లోంచి వస్తుంది.”

“మరిదెందుకు?”

“నొక్కడానికండీ.”

“నొక్కడం ఒకచోట, మోగడం ఒకచోటా? మా ఇంట్లో కాలింగ్ బెల్లులాగన్నమాట,” అన్నారు. “ఏదీ, ఒక్కసారి వినిపించు నాయనా.”

ఒంటి వేలితో నాలుగు ముక్కలు వాయించాను. స్పీకర్లలోంచి ఎంత నిండుగా వచ్చిందంటే, చూరులో పావురాలు లేచిపోయాయి. టీచరుగారి ముఖం విచ్చుకుంది. “బాగుంది నాయనా, సముద్రపు హోరులా ఉంది,” అని దీవించి వెళ్ళిపోయారు. అసలు నొక్కాల్సింది నాలుగు వేళ్ళతో కదా అని ఆవిడకి తోచలేదు, నాకు అంతకంటే తోచలేదు.

తెల్లారి పెళ్ళి. ఊరికే కూర్చోలేని చేతులు కదా నావి, ఇంకాస్త మెరుగు పెడదామనుకున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ తెర మీద విమానం నడిపేవాడికి ఉన్నన్ని మీటలున్నాయి. అందులో ఒకటి తిప్పితే, శబ్దం ఒక స్వరం నుంచి మరో స్వరానికి దూకకుండా నున్నగా జారుతుంది. రాజసంగా ఉందనిపించి, దాన్ని చివరికంటా తిప్పి వదిలేశాను.

ముహూర్తమైంది. చింతలపూడి నుంచి మగపెళ్ళివారు చర్చి నిండా దిగారు. పెళ్ళికొడుకు వేదిక దగ్గర నిలబడ్డాడు. గుమ్మంలో సునీత తెల్లచీర, ముసుగుతో బాబాయి చెయ్యి పట్టుకుని నిలబడింది. పెళ్ళి చేయించే పాస్టరు అయ్యగారు నావైపు చూసి తలాడించారు.

నాలుగు వేళ్ళూ దించాను.

“బూఁ...”

ఒక్కటే. నాలుగు కీలు నొక్కితే ఒక్క స్వరం. వేళ్ళు ఎత్తి మళ్ళీ నొక్కాను. ఈసారి వేరే స్వరం. అదీ ఒక్కటే, పైగా మొదటిదాని మీంచి మెల్లగా ఎక్కుతూ వచ్చింది. “బూఁ... ఊయ్...”

వెనక వరసలవాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. వాళ్ళలో ఎవరో అన్నారు: “ఏవండీ, అంబులెన్సు వచ్చినట్టుందండీ, దారివ్వండి.”

దానమ్మ టీచరుగారు నా చెవిదగ్గరికి వంగారు. “నాయనా, మిగతా మూడు స్వరాలూ?”

“వస్తున్నాయండీ.”

“ఎక్కడిదాకా వచ్చాయి? కైకలూరు దాటాయా?”

అయినా వెనక్కి తగ్గే రకమా నేను? తెర మీద చేతికందిన మీటనల్లా తిప్పాను. ఒకటి తిప్పితే స్వరం వణికింది. ఇంకొకటి తిప్పితే తుమ్మింది. బాబాయి కూతుర్ని గుమ్మంలో వదిలేసి గోడవెంట నక్కుతూ నా దగ్గరికొచ్చాడు.

“ఒరేయ్, అమ్మాయి ఎండలో ఉందిరా!”

“ఒక్క నిమిషం బాబాయ్, దారికొస్తోంది.”

“అది దారికొచ్చేలోపు మగపెళ్ళివారు దారి పట్టేలా ఉన్నారురా!”

అప్పుడు నా బుర్రలో మెరుపు మెరిసింది. నాలుగూ ఒకేసారి రాకపోతేనేం, ఒకదాని తర్వాత ఒకటి ఇస్తే సరి! లేచి నిలబడి ప్రకటించాను. “పై గొంతు వాళ్ళు ముందు ఇది పట్టుకోండి. పట్టుకుని వదలొద్దు!”

మొదటి స్వరం నొక్కాను. పట్టుకున్నారు. “ఆ...” అద్భుతం. “కింది గొంతు వాళ్ళు, ఇది మీది!” అని రెండోది నొక్కాను. స్వరం జారింది. దానితోపాటు పై గొంతువాళ్ళూ జారారు. వాళ్ళ తప్పేముంది? వాద్యం ఎటు వెళితే అటు వెళ్ళమని మూడు తరాలుగా నేర్పారాయె. మూడోది నొక్కేసరికి మగవాళ్ళు కూడా చేరారు. నాలుగోదానికి క్వయర్ మొత్తం ఒకళ్ళ నడుం ఒకళ్ళు పట్టుకుని జారుడుబల్ల మీంచి దిగుతున్నట్టు “ఆఁ... ఊఁ... ఓయ్...” అంటూ కిందికి పోయింది. “అయ్యో, అది కాదు, మళ్ళీ మొదటికి రండి!” అని పైది నొక్కాను. అందరూ భక్తిశ్రద్ధలతో మళ్ళీ పైకెక్కారు.

అయ్యగారు పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. పుస్తకం ఊగుతోంది. పెళ్ళికొడుకు తల తిప్పి, పెళ్ళికూతురు గుమ్మంలోనే ఉందా, వెళ్ళిపోయిందా అని చూసుకున్నాడు.

ఉంది. ముసుగు ఎత్తేసి, నడుం మీద చెయ్యేసుకుని ఉంది.

“అన్నయ్యా, ఆ పెట్టె మూసెయ్!”

“ఇంకొక్కసారి చెల్లెమ్మా, ఈసారి వచ్చేస్తుంది!”

“నువ్వు ముయ్యకపోతే కొల్లేట్లో పడేస్తాను. దాన్ని కాదు, నిన్ను!”

మూసేశాను. సునీత కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకుని, గుమ్మంలోంచే పాట ఎత్తుకుంది. ఎత్తుకుంది తన కింది గొంతే. ఒంటరిగా వింటే అదసలు పాటలాగే ఉండదండీ, కూర లేని అన్నంలా ఉంటుంది. మగపెళ్ళివారు అయోమయంగా చూశారు. కానీ మా క్వయర్ వాళ్ళు ఆ గొంతు పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళు. సునీత స్వరం ఇక్కడుంటే తమది ఎక్కడుండాలో వాళ్ళకి తెలుసు. ముందు దానమ్మ టీచరుగారు అందుకున్నారు. తర్వాత మగవాళ్ళ కింది గొంతు వచ్చింది. నాలుగో గొంతు కూడా కలిసేసరికి కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి. సునీత పాడుతూనే అడుగు లోపల పెట్టింది. బాబాయి ఏడుస్తూ పక్కన నడిచాడు. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరినీ పాడి తీసుకొచ్చిన పిల్ల, తనని తానే పాడి తీసుకొచ్చుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ పాట అంత బాగా నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

పెళ్ళవగానే బయటికొచ్చి ప్రకాశానికి ఫోన్ చేశాను. “ఒరేయ్, ఎన్ని నొక్కినా ఒక్క స్వరమే పలుకుతోందేంట్రా?”

“మరి! ఆ రోజుల్లో అసలు మిషన్ కూడా ఒకసారికి ఒక్కటే పలికేది. ఆ లోపాన్ని కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా దింపారు. పనితనం చూశావా!”

“చూశాన్రా. రెండూళ్ళవాళ్ళు చూశారు. నాలుగు స్వరాలు కావాలంటే ఏం చెయ్యాలి?”

“ఆ సీడీలోనే పక్కన చర్చి ఆర్గన్ అని ఉంది కదరా, తెరవలేదా?”

సీడీ వేసిన రోజే చూశాను. పాతకాలం సరుకులే అని దాటేశాను.

భోజనాల దగ్గర ఎవరికీ కనపడకుండా చివరి బంతిలో కూర్చున్నాను. చేపల పులుసు వడ్డించారు. పెళ్ళికొడుకు మేనత్త వెతుక్కుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఏవండీ, వాయించింది మీరేనా అండీ?”

ఒప్పుకున్నాను.

“వచ్చే నెల చింతలపూడిలో మా అమ్మాయి పెళ్ళండీ. మీరు తప్పకుండా మీ పెట్టె పట్టుకుని రావాలండీ.”

నా ఛాతీ ఒక్కసారిగా పొంగింది. కళ ఎక్కడున్నా గుర్తించేవాళ్ళు ఉంటారు! “తప్పకుండానండీ. ఏం వాయించమంటారు?”

“ఇవాళ వాయించిందేనండీ. మా అమ్మాయికీ మంచి గొంతండీ, కానీ మహా సిగ్గు. ఎంత బతిమాలినా పాడదు. మీరొచ్చి ఇలాగే చెడగొడితే, తట్టుకోలేక అదే పాడేస్తుంది కదా అని.”

ఆ క్షణంలో ఆ విస్తరి సాక్షిగా, పులుసులోని కొరమేను సాక్షిగా, ఎడమచెయ్యి గుండె మీద వేసుకుని భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట నా కుడిచేతి నాలుగు వేళ్ళూ ఒకేసారి కదిలేది అన్నం కలుపుకోవడానికే.