తువ్వాలులో చుట్టిన సీసా

ఆ ముసలాయనకు బస్సులో నిజం చెప్పలేకపోయాను. పెద్దల అమావాస్య ముందురోజు, కర్నూలు నుంచి నందికొట్కూరు వెళ్తూ, తువ్వాలులో చుట్టిన బ్రాందీ సీసాతో నా పక్కన కూర్చున్నాడు.

"పండగ ముందే మొదలుపెట్టావే పెద్దాయనా!" అన్నాను.

"నాకు కాదప్పా, నా కొడుక్కు. హైదరాబాదులో స్టేడియం కప్పు మీంచి పడి సచ్చిపోయినాడు. తాగి పడినాడని కంపెనీవాళ్లు చెప్పినారు. ఇంట్లో ఎప్పుడూ ముట్టింది లేదు. అయినా, పోయినోళ్లకు ఇష్టమైంది ఆకులో పెట్టాల గదా."

ఆ కప్పు పనికి సూపర్‌వైజరును నేనే. అక్కడ పడినవాడు ఒక్కడే. అతనికి సేఫ్టీ బెల్టు ఇవ్వనిదీ, తాగాడని చెప్పిందీ నేనే. కిటికీ వైపు తిరిగాను.

మరుసటి ఏడు అదే అమావాస్యకు నందికొట్కూరులో వాకబు చేసి వాళ్లింటికి వెళ్లాను. కొడుకు ఫోటో ముందు వేసిన ఆకు పక్కన మళ్లీ సీసా ఉంది.

"అది తీసేయండి. మీవాడు తాగలేదు. బెల్టు ఇవ్వకుండా ఎక్కించి, అబద్ధం చెప్పాను. క్షమించండి," అన్నాను.

ఆయన సీసా తీసి దూరంగా పెట్టాడు.

"నాకు కాదప్పా, వానికి చెప్పు."

ఫోటో ముందు కూర్చుని మళ్లీ చెప్పాను.