ఎర్ర ఫోన్‌లో నాన్న

నేను ఓడల్లో పనిచేస్తానంటే మా సారపాకలో చాలామంది నమ్మేవారు కాదు. నమ్మినవాళ్ళు కూడా గోదావరి లాంచీనే కాస్త పెద్దగా ఊహించుకుని నమ్మారు. పెళ్ళయిన కొత్తలో మా అత్త అడిగిన మొదటి ప్రశ్న నాకింకా గుర్తుంది.

"అల్లుడా, పొద్దుగూకినంక మీ ఓడ ఏ ఊళ్ళె ఆపుతరు?"

ఆపం అత్తా, అన్నాను. ఆవిడ గోదావరి ఒడ్డు అడవిపల్లెలో పుట్టింది. చీకటి పడితే లాంచీని ఇసుకతిన్నెకు కట్టేసి, పొయ్యి రాజేసుకుని వండుకునేవాళ్ళను చూస్తూ పెరిగిన మనిషి. వారాల తరబడి ఒడ్డే కనబడదని చెబితే నన్ను ఎగాదిగా చూసి, మా ఆవిడ వైపు తిరిగింది.

"ఒడ్డు లేని నీళ్ళు ఏడనన్న ఉంటయా బిడ్డా? ఈ పిలగాడు ఉత్త కోతలు కోస్తుండు."

కోతలు కోసేంత గొప్ప బతుకేమీ కాదు నాది. మా నాన్న పేపరు మిల్లులో కాంట్రాక్టు కూలి. వెదురు, జామాయిల్ లారీలు దింపీ దింపీ నడుం పోగొట్టుకున్నాడు. నేనా లారీల దగ్గరికి రాకూడదని ఐటీఐ చదివించాడు. మణుగూరు బొగ్గు గనుల్లో ఉద్యోగం వస్తుందని ఇద్దరం ఆశపడ్డాం. రాలేదు. మా చర్చి పాస్టరు గారి బంధువు ఒకాయన విశాఖలో ఉండేవాడు. ఆయన చెప్పిన ట్రైనింగులో చేరి, సరుకు ఓడల్లో ఆయిలర్‌గా ఎక్కాను. ఆయిలర్ అంటే ఇంజను రూములో తిరుగుతూ యంత్రాలకు నూనె పోసేవాడు, తుడిచేవాడు, చీఫ్ ఇంజనీరు చేత తిట్లు తినేవాడు. సముద్రం ఎట్లా ఉంటుందన్నా అని ఎవరైనా అడిగితే ఒళ్ళు మండేది. నేను చూసిందంతా పైపులే! బ్రెజిల్‌లో ఇనుప రాయి నింపుకుని చైనాలో దింపాం. ఆస్ట్రేలియాలో బొగ్గు నింపుకున్నాం. మణుగూరు పక్కన పుట్టినవాడికి బొగ్గు మోయడానికి ఆస్ట్రేలియా దాకా పోవాలా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

పాప పుట్టినప్పుడు అట్లాంటిక్ మధ్యలో ఉన్నాను. తర్వాత ఇంటికొచ్చి కొన్ని వారాలు ఎత్తుకున్నాను, అంతే. అప్పటికింకా దానికి మెడ కూడా సరిగా నిలవలేదు. మళ్ళీ ఎక్కిన ఓడలో కాంట్రాక్టు ముగిసే సమయానికి నా బదులు రావలసినవాడు రాలేదు. ఇంకొన్నాళ్ళు ఉండమన్నారు. అది దిగీ దిగకముందే, మనుషులు లేరు, ఇంటికి తర్వాత పోదువులే అని ఇంకో ఓడ ఎక్కించారు. ఇంటి దగ్గర పాప బోర్లా పడింది, పాకింది, నడిచింది, మాటలు నేర్చింది. ఇవన్నీ నాకు ఫోన్‌లోనే జరిగాయి.

మా ఇంట్లో ఒక ఎర్ర ల్యాండ్‌లైన్ ఉండేది, స్టూలు మీద, మా ఆవిడ అల్లిన లేసు గుడ్డ కింద. ఓడలో శాటిలైట్ ఫోను. ఆదివారం వరసలో నిలబడి, కార్డు గీకి, వెనకవాడి సణుగుడు వింటూ మాట్లాడాలి. మాట ఆకాశంలోకి ఎక్కి దిగాలి కదా, ఇవతల అన్నది అవతల చేరి జవాబు వెనక్కి వచ్చేసరికి ఒక ఊపిరి పీల్చి వదిలేంత సేపు పట్టేది. మొదట్లో నేను, మా ఆవిడ ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఒకేసారి ఆగేవాళ్ళం.

"ఏందయ్యా గంత సేపు ఆలోచిస్తున్నవ్? పక్కన ఎవరన్న ఉన్నరా ఏంది?"

"ఉన్నారు. ఇరవై మంది మగాళ్ళు, అందరికీ గడ్డాలే."

పాపకు మాత్రం ఈ తిప్పలు లేవు. అది మాటలు నేర్చిందే ఆ ఫోన్‌తో. ఒక మాట అనేది, రిసీవరు రెండు చేతులా పట్టుకుని, నోరు తెరుచుకుని ఆగేది. నా గొంతు రాగానే ఎగిరి గంతేసేదట. అమ్మ, అమ్మమ్మ టకటకా మాట్లాడతారు, నాన్న ఆగి మాట్లాడతాడు. దానికి తెలిసిన లోకం అది.

ఒకసారి నా గొంతు సరిగా వినబడటం లేదని మా ఆవిడ లైన్‌మన్‌ను పిలిచింది. అతను రిసీవరు విప్పి చూసి నోరెళ్ళబెట్టాడట.

"ఏందమ్మా, ఫోన్ల పప్పు బువ్వ ఉంది!"

పాప రోజూ నాన్నకు తినిపిస్తోంది మరి. నా మాట వచ్చే ఆ చిల్లుల్లోకి మెత్తగా కలిపి కుక్కుతోంది. ఈ సంగతి విని ఓడలో అందరికీ చెప్పుకుని నవ్వాను. ఆ తర్వాత ఇంజను రూములోకి దిగి, ఆ హోరులో ఎవరికీ వినబడదు కాబట్టి, గట్టిగా ఏడ్చాను.

ఇంటికొచ్చిన రోజు మధ్యాహ్నం బస్సు దిగి, బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. పాప నన్ను చూసి లోపలికి పరుగెత్తింది.

"అమ్మా, ఎవరో అంకుల్ వచ్చిండు."

"అంకుల్ ఏందే పిచ్చిదానా, నాన్న!" అంటూ మా ఆవిడ నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పాపకు అది పరాచికంలా తోచింది. కిలకిలా నవ్వి ఎర్ర ఫోన్‌ను చూపించింది.

"నాన్న గిండ్ల ఉన్నడు."

గోడమీద మా పెళ్ళి ఫోటో లేకపోలేదు. కాని అందులో అమ్మ పక్కన కోటు తొడుక్కుని నిలబడ్డ పలచటి కుర్రాడికి, గడ్డంతో, ఉబ్బిన మొహంతో వచ్చిన నాకు పోలికేదీ? కళ్ళార్పే బొమ్మ ఇచ్చాను, తీసుకుంది. చాక్లెట్లు ఇచ్చాను, తిన్నది. ఎత్తుకోబోతే మాత్రం కెవ్వున అరిచింది.

నాలుగు రోజుల్లో అలవాటవుతుందిలే అన్నారందరూ. కాలేదు సరికదా, ఇంకోటి వచ్చి పడింది. నేను ఇంట్లో ఉంటే ఓడ నుంచి ఫోన్ ఎవరు చేస్తారు? ఆదివారం వచ్చింది, ఫోన్ మోగలేదు. ఇంకో ఆదివారమూ మోగలేదు. పాప రిసీవరు ఎత్తేది, గుయ్‌మనే శబ్దం వినేది, "నాన్న మాట్లాడుతలేడు" అని బుంగమూతి పెట్టేది. తిండి తగ్గించింది. ఫోన్ పక్కనే చాప మీద పడుకునేది. నేను అటు వెళితే ఫోన్‌కు అడ్డంగా నిలబడేది. ఈ గడ్డపాయన వచ్చాకే నాన్న పోయాడని దానికి అర్థమైంది. తప్పు కూడా కాదు కదా!

అప్పుడు పట్టుకుంది నాకు పంతం. మళ్ళీ ఓడెక్కేలోపు ఈ పిల్ల నా మొహం చూసి నన్ను నాన్నా అనాలి. నాకింకేమీ వద్దు. ఆ ఒక్క పిలుపు వినకుండా పోతే ఏ ముఖం పెట్టుకుని పోతాను?

సందు చివర ఎస్‌టీడీ బూత్‌కు వెళ్ళి మా ఇంటికి ఫోన్ చేశాను. పాపే ఎత్తింది.

"నాన్నా!"

"చెప్పు తల్లీ! బువ్వ తిన్నావా?"

అటు నుంచి చిన్న గొంతు వినబడింది. "నువ్వు నాన్న కాదు." టక్కున పెట్టేసింది.

కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది.

"జల్దీ జల్దీ మాట్లాడితే దానికి నువ్వెట్ల తెలుస్తవయ్యా? ఓడల నుంచి మాట్లాడినట్ల ఆగి మాట్లాడు."

నాకు తట్టనే లేదు. మళ్ళీ పరుగెత్తాను. ఈసారి పాప నాన్నా అనగానే నాలుక కరుచుకుని ఆగాను. ఒక ఊపిరి పీల్చి, వదిలి, అప్పుడు అన్నాను.

"చెప్పు తల్లీ."

అది వేసిన కేక బూత్ బయటికి కూడా వినబడి ఉంటుంది. ఇన్నాళ్ళ ముచ్చట్లన్నీ దొర్లాయి. కోడి పిల్లల్ని పెట్టింది, అమ్మమ్మ కాలు వాచింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"నాన్నా, మా ఇంట్ల ఒక అంకుల్ ఉన్నడు."

నేను ఆగాను. "మంచోడేనా?"

"ఊహూఁ. గడ్డం గుచ్చుకుంటది. అమ్మ మంచం మీద కూసుంటడు. పొమ్మని చెప్పు నాన్నా."

ఈసారి ఆగినట్టు నటించాల్సిన పని లేకపోయింది. "పోతాడులే తల్లీ" అన్నాను చివరికి. బూత్ అతను నా మొహం చూసి, "ఇల్లు గీ సందులనే గదన్నా, నడిచిపోతే అయిపాయె" అన్నాడు. వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. పాపం, వాడికేం తెలుసు?

అప్పటినుంచి రోజూ బూత్‌కు వెళ్ళేవాణ్ణి. ఫోన్‌లో నాన్నను, ఇంటికొస్తే అంకుల్‌ను. ఆ అంకులే నేను తల్లీ అని రెండుసార్లు చెప్పి చూశాను. పకపకా నవ్వి ఊరుకుంది. గడ్డం గీయించుకున్నాను, గుండు కొట్టించుకున్నంత అసహ్యంగా తయారయ్యాను, అయినా లాభం లేకపోయింది. మా అత్త అయితే నా మీద జాలిపడి కూరలో నాకు ఒక ముక్క ఎక్కువ వేసేది.

ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. నేను అరుగు మీద కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాను. లోపల పాప ఒక్కతే బొమ్మతో ఆడుకుంటోంది. మంచం వెనక ఏదో పడిన చప్పుడైంది.

"బొమ్మ పడ్డది" అంది, ఎవరితోనో ఏమో.

బూత్‌లో అలవాటైపోయిన నోరు. అనుకోకుండానే ఆగాను. ఊపిరి పీల్చి, వదిలి, అన్నాను.

"ఏ బొమ్మ తల్లీ?"

లోపల అలికిడి ఆగిపోయింది. మెల్లగా గడప దాకా వచ్చింది. ఎర్ర ఫోన్ వైపు చూసింది, అది స్టూలు మీదే ఉంది. నా వైపు చూసింది.

"మళ్ళ అను."

ఆగాను. "ఏ బొమ్మ తల్లీ?"

దగ్గరికి వచ్చింది. నా పెదాల మీద వేళ్ళు పెట్టి, నోట్లోకి తొంగి చూసింది.

"నాన్నా, నువ్వు గిండ్ల ఉన్నవా?"

ఆగడం మరిచిపోయాను. ఉన్నాను తల్లీ, ఉన్నాను, ఉన్నాను అంటూ గబగబా అనేశాను. అయినా పరవాలేదంది. నా ఒళ్ళో ఎక్కి కూర్చుంది. మా ఆవిడ చెంబు చేత్తో పట్టుకుని దొడ్డి గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. ఆ రోజు పాప పప్పు బువ్వ నాకు తినిపించింది, చెంపలకు, ముక్కుకు, ఎక్కడ పడితే అక్కడ.

తర్వాతి వారాల గురించి చెప్పడానికి ఏమీ లేదు. బాగా బతికాను. సైకిలుకు ముందు సీటు కట్టించి పాపను గోదావరి బ్రిడ్జి మీదుగా భద్రాచలం తిప్పేవాణ్ణి. కోయ ఆడవాళ్ళు ఆకు దొన్నెల్లో తునికి పండ్లు అమ్ముతుంటే కొనేవాణ్ణి. అది సగం తిని మిగతా సగం నా నోట్లో పెట్టేది. నడుస్తుంటే చెయ్యి వదిలేది కాదు. నిద్రలో కూడా నా బొటనవేలు పట్టుకునే ఉండేది. ఎర్ర ఫోన్ మీద దుమ్ము పడుతోందని మా అత్త అంటే నేను గర్వంగా నవ్వాను. బుద్ధిలేనివాణ్ణి.

బొంబాయి ఏజెంటు నుంచి కబురొచ్చింది, ఓడ సిద్ధంగా ఉంది రమ్మని. బస్సు దగ్గర పాపను ఎత్తుకుని చెప్పాను, ఆదివారం ఫోన్ చేస్తాను తల్లీ అని.

"ఫోన్ ఎందుకు? ఈడనే మాట్లాడు" అంది.

మా ఆవిడ దాన్ని నా మెడ నుంచి విడదీసింది. ఆ ఏడుపు కొత్తగూడెం దాకా నా చెవుల్లోనే ఉంది.

ఓడ హిందూ మహాసముద్రంలోకి వచ్చాక నా వంతు దొరికింది. కార్డు గీకాను. మా ఆవిడ ఎత్తింది. బాగున్నావా, బాగున్నాను అయ్యాక పాపను పిలవమన్నాను.

"వస్తలేదయ్యా. ఫోన్ మోగినా చూస్తలేదు. ఆగు, చెవి కాడ పెడత."

రిసీవరు రాసుకున్న చప్పుడు. నేను అన్నాను, తల్లీ, నేను నాన్నను. ఆగాను. ఆ ఊపిరి మొత్తం గడిచింది. రోజూ బూత్‌లో నటించిన ఆలస్యం ఇప్పుడు నిజంగానే ఉంది, నా గొంతు దానికి తెలిసిన గొంతులాగే వచ్చి ఉంటుంది. జవాబు రాలేదు. మళ్ళీ అన్నాను. బువ్వ తిన్నావా? బొమ్మ ఏం చేస్తోంది?

అవతల నుంచి గొంతు వచ్చింది. నాతో కాదు, వాళ్ళమ్మతో.

"అమ్మా, గీయన నాన్న కాదు. నాన్నకు చేతులుంటయ్."

మా ఆవిడ ఏదో సర్దిచెబుతోంది. వెనకవాడు నా భుజం తట్టాడు. నేను రిసీవరు పెట్టేసి పక్కకు జరిగాను, అతనికి కూడా ఇంట్లో చిన్నపిల్లలున్నారు.