అత్త మళ్లీ కట్టిన ఎర్రదారం

మొన్న జగిత్యాలలో నా నెల మందులు తెచ్చుకుని మంచం మీద పరిచాను. షుగరుకు రెండు, బీపీకి ఒకటి, గుండెకు ఒకటి. వాటిలో రెండు తెల్లబిళ్లలు కవలపిల్లల్లా ఉన్నాయి. కళ్లద్దాలు తుడుచుకుని చూసినా ఏది పొద్దున వేసుకునేదో తేలలేదు. గుర్తుకు ఏదైనా కడదామని మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి ఎర్రదారం తీశాను. తెంపబోతుంటే చెయ్యి ఆగిపోయింది.

సిరిసిల్లలో మా మేనత్త ఉండేది. చేతిమగ్గాల కాలం నుంచీ రాట్నం మీద నూలు కండెలు చుట్టిన మనిషి. మరమగ్గాలు వచ్చాక కూడా ఆ రాట్నం వదల్లేదు. మామ పోయాక, పిల్లలు లేని ఆవిడ మగ్గాల షెడ్డు పక్కనే ఒక్క గదిలో ఉండేది. ఆ చప్పుడులో బతికి బతికి గొంతు ఎంత పెరిగిందంటే, చెవిలో చెప్పిన రహస్యం కూడా నాలుగిళ్లకు వినిపించేది. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, కొంచెం దెబ్బతిన్న కిడ్నీలు, అన్నీ ఉండేవి. చదువు రాదు, చూపు మసక. వాళ్ల బస్తీ దవాఖాన నర్సు ఒకరోజు ఇంటికే వచ్చి, గడపలో కూర్చుని, "అవ్వా, అన్నిటికంటే నీకేం గావాలె?" అని అడిగిందట. "ఎవరి చేతుల మీద పడద్దు బిడ్డా. పోయేదాక నా కండెలు నేను చుట్టుకోవాలె" అన్నదట అత్త. ఆ మాట పట్టుకుని నర్సు అక్కడి డాక్టరుతో మాట్లాడి కొన్ని మందులు తీసేయించింది. ఈ వయసులో షుగరు కాస్త ఎక్కువున్నా నడుస్తుంది, తగ్గి కళ్లు తిరిగి పడితేనే ముప్పని ఆ డాక్టరు చెప్పాడట. మిగిలిన మూడు రకాల అట్టలకూ అత్త గదిలోని నూలు పోగులే కట్టారు. ఎర్రది పొద్దునకు, పసుపుది పగటికి, నల్లది రాత్రికి. అత్త వాటిని కండెల గంపలోనే పెట్టుకునేది.

నేను దస్తావేజులు రాసేవాణ్ణి. ఎదుటివాళ్లు నోరు తెరవకముందే వాళ్ల మాట నేను రాసేయడం నా వృత్తి. ఇంట్లోనూ అదే పని చేశాను. ఒకసారి చూడబోయి, నా మిషనుతో అత్త షుగరు చూసి, ఎక్కువుందని మండిపడ్డాను. దారాలు కట్టడం వైద్యమా అని నవ్వాను కూడా. జగిత్యాలలో పెద్ద షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "ఇన్ని రోజులు ఏం మందులు వాడుతున్నవమ్మా?" అని ఆయన అడిగాడు. అత్త కొంగుముడి విప్పబోయింది. మూడు అట్టలూ అందులోనే ఉన్నాయి. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, "పాతవన్నీ బంద్ జేసినం సార్, మీరు కొత్తగా రాయుండ్రి" అన్నాను. మర్నాడు మోకాళ్లకు కోరుట్లలో ఇంకో డాక్టరు. తిరుగు బస్సులో అత్త, బస్సంతా వినేలా, "నా షుగరు జగిత్యాలల, నా మోకాళ్లు కోరుట్లల. ఇగ సిరిసిల్లల నేనేమున్న అల్లుడా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం కొత్త మందులను గళ్లున్న ప్లాస్టిక్ డబ్బాలో సర్ది, "గీ డబ్బాలయే ఏసుకో" అని గట్టిగా చెప్పాను. పాత అట్టల దారాలు కత్తెరతో కత్తిరించాను. మందులు పారేయడానికి మాత్రం చెయ్యి రాక, వాటిని తిరిగి గంపలోనే వేశాను. వారం తిరగకముందే పక్కింటామె ఫోను చేసింది. అత్త రాట్నం మీదికి ఒరిగి పడింది. తుంటి విరిగింది. షుగరు బాగా పడిపోయిందని, ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండింతలు వేసుకుందని ఆసుపత్రిలో చెప్పారు. గదికి వెళ్లి గంప వెతికాను. పాత అట్టకు మళ్లీ ఎర్రదారం ఉంది. తెగిన పోగును నేతగాళ్లు అతికే ఆ చిన్న ముడి. చూపు మసకైనా తడిమి పోల్చుకుని కట్టింది.

"రెండు ఎందుకేసుకున్నవ్ అత్తా?" అన్నాను.

"ఎర్రదారం తప్పద్దని గా నర్సు బిడ్డ జెప్పె. డబ్బ తప్పద్దని నువ్వంటివి. నీ మాట గాదంటే నీకు కోపం, గామె మాట గాదంటే గామెకు బాధ. ఎవల్ని గాదనాలె కొడుకా?"

నర్సు చూడటానికి వచ్చింది. మంచం పక్కన కూర్చుని, "అవ్వా, ఇప్పుడు నీకేం గావాలె?" అని మళ్లీ అదే అడిగింది. అత్త నావైపు చెయ్యి చూపింది. "మా అల్లుణ్ని అడుగు. నాకంటే వానికే ఎక్వ ఎర్క." మొదటిసారి ఆమె గొంతు పక్క మంచానికి కూడా వినిపించలేదు.

అత్త మళ్లీ లేవలేదు. ఎవరి చేతుల మీదా పడొద్దన్న మనిషి మా ఇంట్లో మా ఆవిడ చేతుల మీద నాలుగు నెలలుండి చనిపోయింది. నీళ్లు తాగించిన ప్రతిసారీ, "తక్లీఫ్ ఇస్తున్న, నా తిప్పలన్నీ నీకే బిడ్డా" అనేది.

మొన్న ఆ ఎర్రదారం తెంపి అట్టకు కట్టాను. అత్త ముడి వేయాలని చూశాను, నాకు రాలేదు. తెగిన పోగును ఆవిడ రెప్పపాటులో అతికేది. ఒక్క నిమిషంలో నేను కత్తిరించింది మాత్రం ఇన్నేళ్లయినా నాకు అతకడం లేదు.