పది రోజుల ఒట్టు

పళ్ళ డాక్టరు గారి ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, "కూర్చోండి, పిలుస్తాం" అనడం నా ఉద్యోగం. పంటి నొప్పితో మెలికలు తిరిగిపోయేవాళ్ళు కూడా నా మాట విని కూర్చుంటారు. ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని మాత్రం ఇరవై ఆరేళ్ళుగా కూర్చోబెట్టలేకపోయాను. మా ఆయన అన్నం నిలబడి తింటారు. పేపరు నడుస్తూ చదువుతారు. వార్తల మధ్యలో లేచి, కుళాయి కట్టేసి ఉందో లేదో చూసి వస్తారు. "కాలు కాలిన పిల్లిలా ఏమిటండీ ఆ తిరుగుడు?" అంటే, "ఇదిగో, కూర్చుంటున్నా" అని కుర్చీ అంచున ఒక నిమిషం ఆనుతారు. అంతే, మళ్ళీ లేస్తారు.

ఆయనకి తగ్గ ఉద్యోగమే దొరికింది. ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లలో అంకెలు రాసుకోవాలి. మెట్ల కింద, గేట్ల వెనక, కుక్కల పక్కన రోజంతా నడకే. ఆ నడకలో కళ్ళు నేల మీదే ఉంటాయి. తవ్విన రోడ్డు పక్కనో, కంకర కుప్పలోనో గీతలున్న రాయి కనిపిస్తే చాలు, జేబులోకి పోతుంది. ఆయన తిరిగే వీధుల్లో పిల్లలు "రాళ్ళ మీటరాయన వచ్చాడు" అని అరుస్తారట. ప్యాంటు జేబులు వెతక్కుండా బట్టలు ఉతుకులో వేసినందుకు మా వాషింగ్ మెషీన్ ఒకటి ప్రాణం వదిలింది. దాని మోటారు కూడా ఆయన పారెయ్యలేదు. రాళ్ళు దొర్లించే యంత్రానికి పెట్టుకున్నారు.

ఆ యంత్రం మా బాల్కనీలో ఉంటుంది. రెండు ఇనుప కడ్డీలు, వాటి మీద మెల్లగా దొర్లే మూత డబ్బా. డబ్బాలో రాళ్ళు, నీళ్ళు, గరుకు పొడి వేసి మూత బిగిస్తారు. రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని అంచులు అరిగాక, కడిగి ఇంకా సన్న పొడి వేస్తారు. అలా నెల రోజులు పోతే గాని మెరుపు రాదు. నెలంతా రాత్రీ పగలూ గరగరమని ఒకటే చప్పుడు. వచ్చిన చుట్టాలు "వానా?" అని అడిగేవాళ్ళు. ఒకసారి ఆ అరిగిన బురద నీళ్ళు వంటింటి తూములో పోశారు. అది లోపల సిమెంటులా బిగుసుకుపోయి, ప్లంబరు గొట్టం మొత్తం ఊడబెరకాల్సి వచ్చింది. అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను.

ఇంత ఓపిక కావాల్సిన పని ఆయనకెలా అబ్బిందని మీరనుకోవచ్చు. అబ్బలేదు. రోజూ పొద్దున్నే మూత తీసి చూస్తారు. తీసిన ప్రతిసారీ పని వెనక్కి పోతుందని చెప్పేదీ ఆయనే, తీసేదీ ఆయనే. పైగా నాకు పాఠాలు. "మెత్త రాయినీ గట్టి రాయినీ కలిపి వెయ్యకూడదోయ్. గట్టివన్నీ కలిసి మెత్తదాన్ని తినేస్తాయి" అని వందసార్లు చెప్పి ఉంటారు. నేను ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశాను. నా దృష్టిలో రాయంటే రాయే.

ఆయన ఎన్నడూ డబ్బాలో వెయ్యని రాయి ఇంట్లో ఒకటి ఉండేది. మా అత్తగారిది. ఆవిడ బట్టలు కుట్టి ఇద్దరు పిల్లల్ని పెంచింది. కత్తిరించేటప్పుడు గుడ్డ జరక్కుండా, ఫ్యానుగాలికి లేవకుండా ఒక పాలరాతి ముక్క పెట్టుకునేది. సబ్బు బిళ్ళంత ఉండేది. ముప్ఫై ఏళ్ళు పట్టుకుని పట్టుకుని ఒక పక్క బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడింది. ఆవిడ పోయాక కత్తెర మా వదిన, అంటే మా ఆయన అక్క, తీసుకుంది. రాయి ఈయన తెచ్చుకున్నారు. అలమరలో అద్దాల్లా మెరిసే రాళ్ళ మధ్య అదొక్కటే మాసిపోయి ఉండేది. "దీన్ని కూడా మెరిపించకూడదూ?" అని అడిగితే, "దాని జోలికి పోకు" అనేవారు.

వదిన కూడా కుట్టుపనే చేస్తుంది. ఇన్నాళ్ళూ ఇంట్లోనే కుట్టేది. ఈమధ్య పెద్దవీధిలో ఒక గది తీసుకుంది. ఫోన్ చేసి, "ఒరేయ్, అమ్మ రాయి నాకివ్వరా. కొత్త బల్ల మీద అదుంటే అమ్మ పక్కనున్నట్టు ఉంటుంది" అంది. ఆయన వారం రోజులు ఇల్లంతా అడుగులతో కొలిచారు. చివరికి వంటింటి గుమ్మంలో ఆగి, "ఇచ్చేద్దాం. అక్కకే పనికొస్తుంది. షాపు తెరిచే రోజు పొద్దున్న వచ్చి తీసుకెళ్తుంది" అన్నారు. అని మళ్ళీ తిరగడానికి వెళ్ళిపోయారు. ఇవ్వడం ఆయనకి ఎంత కష్టమో నాకు తెలుసు.

ఆ కష్టం చూసే నాకు బుద్ధి పుట్టింది. ఎలాగూ ఇస్తున్నాం, మెరిపించి ఇస్తే అక్కాతమ్ముళ్ళిద్దరి కళ్ళూ చల్లబడతాయి కదా అనుకున్నాను. షాపు తెరవడానికి ఇంకా పది రోజులుంది, నెల మెరుపు రాకపోయినా ఆ మాసినతనమైనా పోతుందనుకున్నాను. ఆయన డబ్బాలో కొత్త రాళ్ళు నింపి చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే పాలరాయి తెచ్చి లోపల పడేశాను, మూత నేనే బిగించాను. అలమరలో ఖాళీ చూసి అడిగితే, "వదినకిచ్చేది కదా, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను" అన్నాను. నోట్లో నువ్వుగింజ నానని మనిషిని, ఆ ఒక్క రహస్యం ఎలా దాచానో నాకే ఆశ్చర్యం.

ఇక మిగిలింది ఆయన మూత తియ్యకుండా ఆపడం. "వదిన వచ్చేదాకా ఈ డబ్బా తెరవడానికి వీల్లేదు. పది రోజులు. నా మీద ఒట్టు" అన్నాను.

"అదేం ఒట్టే? ఎందుకు?"

"మనిషన్నాక కాస్త కుదురుండాలి కదండీ. ఒక్కసారి ఆగి చూడండి."

ఆయన నవ్వి సరేనన్నారు. మా ఆయనకి కుదురు లేదు గాని, మాట ఉంది.

మొదటి మూడు రోజులూ నాకు తమాషాగానే ఉంది. పొద్దున్నే బాల్కనీ దాకా వెళ్ళేవారు, చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేసేవారు. సెలవు పెట్టిన వాళ్ళ వీధులు కూడా తనే అడిగి తీసుకుని సాయంత్రం దాకా నడిచారు. అలమరలో రాళ్ళని రంగుల వారీగా పేర్చి, మళ్ళీ తీసి సైజుల వారీగా పేర్చారు. నాలుగో రోజు పొద్దున్న డబ్బా మీద చెవి పెట్టి చాలాసేపు వంగి ఉండిపోయారు.

"చప్పుడు మారిందోయ్. మందంగా వస్తోంది. లోపల మెత్త రాయేదో పడ్డట్టుంది, అరిగిపోతోంది."

"మీకు తెరవాలని ఉంది, అందుకని చప్పుడు మారింది."

"కాదే, నిజంగా. ఒక్క నిమిషం. ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"పెట్టను."

"పాపం, ఏ రాయో ఏమో..."

"ఏ రాయైతేనేం? రాయే కదా! పది రోజులు ఆగలేరా?"

అప్పుడైనా నాకు వెలగలేదు. ఆయన వంకలు ఇన్నేళ్ళుగా విని ఉన్నాను, ఇదీ అందులో ఒకటే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన అడగలేదు. బాల్కనీ తలుపు దగ్గరికి వెళ్తారు, చెవి ఒగ్గి వింటారు, హాల్లోకి వస్తారు, వీధిలోకి వెళ్తారు, అయిదు నిమిషాల్లో తిరిగొస్తారు. నిద్రలో కూడా కాళ్ళు కదిలించేవారు. ఎనిమిదో రోజుకి నాకే తల తిరిగి, "అబ్బబ్బ, కాస్త ఒకచోట ఉండండి!" అని కసిరాను.

పదో రోజు పొద్దున్న యంత్రం ఆపి డబ్బా ఎత్తి బకెట్ మీద జల్లెడలో వంచారు. ఎప్పుడూ బూడిద రంగులో ఉండే బురద ఆరోజు పాలలా తెల్లగా ఉంది. నీళ్ళు పోసి రాళ్ళు కడిగారు. గట్టి రాళ్ళన్నీ ఉన్నాయి. వాటి మధ్య ఉసిరికాయంత తెల్లటిదొకటి ఉంది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, బొటనవేలితో తడిమారు. గుంట ఎక్కడా తగల్లేదు. తలెత్తి నా మొహం చూశారు. నేనేం చెప్పక్కర్లేకపోయింది.

"తిట్టండి" అన్నాను ఏడుస్తూ. "మెరిపించి ఇద్దామని వేశానండీ. తిట్టండి నన్ను."

"అక్కకి నేను చెప్తాను. నువ్వేం మాట్లాడకు" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

వదిన పదకొండింటికి వచ్చింది. రాయి చుట్టుకెళ్ళడానికి కొత్త పట్టుముక్క కూడా తెచ్చుకుంది. ఆయన అరచేయి చాపి చూపించారు.

"ఏమిట్రా ఇది?"

"అమ్మ రాయి. మెరిపిద్దామని డబ్బాలో వేశానక్కా. అరిగిపోయింది."

వదిన దాన్ని ముట్టుకోలేదు. ఆవిడ గొంతు లేచింది. "ఉన్నదాన్ని కెలక్కురా అని అమ్మ నీకు ఎన్నిసార్లు చెప్పింది! ఆవిడ చెయ్యి ఉందిరా దాని మీద. ఒక్క వస్తువుని ఉన్నచోట ఉండనివ్వలేకపోయావా? నీకు కుదురు లేకపోబట్టే కదరా ఇలా అయింది?"

"అవునక్కా" అన్నారాయన.

అంత పెద్ద అబద్ధం నేనెక్కడా వినలేదు. మాట్లాడొద్దన్న మాట గుర్తుంది, అయినా ఇంక ఓర్చుకోలేకపోయాను.

"కాదు వదినా. వేసింది నేను. ఆయనకి తెలియదు. రోజూ తెరిచి చూసే మనిషిని పది రోజులు తెరవొద్దని నా మీద ఒట్టు పెట్టాను. నాలుగో రోజే చప్పుడు మారిందని చెప్పారు. ఒట్టు తియ్యమని బతిమాలారు. నేను తియ్యలేదు. ఆయన కుదురుగా ఉండబట్టే పోయింది వదినా."

వదిన నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత తమ్ముడి వైపు తిరిగింది.

"నాలుగో రోజే తెలిసిందా నీకు?"

"మెత్తదేదో అరుగుతోందని తెలిసింది. ఏదో తెలియలేదు."

"అరుగుతోందని తెలిసి, ఇంకో ఆరు రోజులు ఎలా ఉన్నావురా?"

ఆయన గోడకి ఆనుకుని అలాగే నేల మీదకి జారి కూర్చున్నారు. కూర్చుని చిన్నపిల్లాడిలా బావురుమన్నారు. మా అత్తగారు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నారు. సంతకాలు నిలబడే పెట్టారు. ఈ నాలుగేళ్ళలో ఆవిడ కోసం ఆయన ఏడవగా నేను చూడలేదు.

వదినకి నా మీద కోపం దిగలేదు. షాపు తెరిచే ముహూర్తం దాటిపోతున్నా ఆవిడ వచ్చి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది. ఆయన చేతిలోని రాయిని తీసుకోలేదు, దాని మీద తన చెయ్యి వేసింది. ఆ ఇద్దరి దగ్గరికి వెళ్ళే మొహం లేక, వదిలి వెళ్ళే మనసూ రాక, సాయంత్రం దాకా నేను ఆ గదిలోకీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను.