ఐసులో వచ్చిన రక్తం

2023 వానాకాలం. ఏలూరులో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో బయోకెమిస్ట్రీ విభాగం చూసేదాన్ని. మా పాపకి అప్పుడు రెండేళ్లు. పిల్లల శాంపిల్ ఏది వచ్చినా ట్యూబు మీద వయసు చదవగానే మా పాప గుర్తొచ్చేది.

హర్షిణికి ఏడేళ్లు. తండ్రి రావు గారు కలిదిండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. పిల్లకి లింఫోమా, అంటే లింఫు గ్రంథుల్లో పుట్టే క్యాన్సర్. విజయవాడలో కీమో ఇస్తున్నారు. మధ్యలో రక్తపరీక్షలు మా దగ్గర చేసేవాళ్లం. వాటిలో విజయవాడ డాక్టరు గారు ముందుగా అడిగేది ఎల్‌డీహెచ్. ఇది కణాలన్నిటిలో ఉండే ఎంజైమ్. కణాలు దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. ఇలాంటి గడ్డలు వేగంగా పెరుగుతుంటే ఎక్కువగా కనిపిస్తుంది, మందు పనిచేస్తుంటే మెల్లగా దిగుతుంది. ఆ ఒక్క అంకెతోనే ఏదీ తేల్చరు కానీ, దారి ఎటు పోతోందో చెబుతుంది.

హర్షిణి అంకె ప్రతి రిపోర్టులోనూ దిగుతూ వచ్చింది. అలాంటిది ఆ రోజు మొట్టమొదటి రిపోర్టునే దాటేసింది. మర్నాడే కీమో. జబ్బు మందుకి లొంగడం లేదని డాక్టరు గారు అనుకుంటే వైద్యమే మారిపోతుంది.

ట్యూబు తీసి వెలుతురులో పట్టుకున్నాను. పైన తేరిన సీరమ్ లేత పసుపు రంగులో ఉండాలి. ఇది దానిమ్మ రసంలా ఉంది. ఎర్రకణాలు పగిలితేనే అలా అవుతుంది. దాన్ని హీమోలైసిస్ అంటాం.

ఈసారి తెల్లకణాలు తగ్గాయి, ఇన్‌ఫెక్షన్ అంటుకుంటుందని కీమోకి తప్ప పిల్లని బయటికి తీసుకురావద్దన్నారు డాక్టరు గారు. అందుకే ఊళ్లో నర్సుతో రక్తం తీయించి తండ్రే తెచ్చారు. ఎలా తెచ్చారని అడిగితే కాళ్ల దగ్గరున్న థర్మాకోల్ పెట్టె ఎత్తి చూపించారు.

"రొయ్యల పెట్టేనండి. కిందా పైనా ఐసు, కరక్కుండా ఉప్పు కూడా జల్లేనండి. మా సరుకు చెన్నై దాకా ఇలాగే వెళ్తదండి. పాడైందని ఒక్కడూ అన్లేదు."

ఉప్పు జల్లితే ఐసు ఇంకా చల్లబడుతుందని, ఆ చలికి రక్తం మంచులా గట్టిపడి ఎర్రకణాలు పగిలాయని, వాటిలోనూ ఇదే ఎంజైమ్ ఉంటుందని చెప్పాను.

"అయితే జబ్బు పెరగలేదంటారా అండి?"

"అనలేనండీ. ఈ రక్తం ఏ సంగతీ చెప్పలేదు. మళ్లీ తీస్తేనే తెలుస్తుంది."

ల్యాబ్ నడిపే మా సార్ హీమోలైజ్డ్, మళ్లీ రక్తం కావాలి అని రాసి పంపేయమన్నారు. పద్ధతి అదే. కానీ ఊళ్లో నర్సు మళ్లీ మర్నాడే వస్తుందట, ఆవిడ రక్తం తీసి పంపేసరికి కీమో వేళ దాటిపోతుంది. నేనే వెళ్లి తెస్తానన్నాను.

"కలిదిండిలో నీకు చుట్టాలున్నారా ఏంటమ్మా?"

"ఇప్పుడే అయ్యారండి."

ఆయన నవ్వి పంపించారు.

రావు గారి వ్యాన్‌లోనే కలిదిండి వెళ్లాను. ఆ ఇంట్లో తల్లి నా ముఖంలోకి చూడలేదు. హర్షిణి మాత్రం చూసింది. "ఎన్నిసార్లు గుచ్చుతావు?"

"ఒక్కసారే."

"అందరూ అలాగే అంటారు."

మా పాప చేతి కంటే కాస్త లావుగా ఉందంతే ఆ చెయ్యి. ఒక్కసారికే నరం దొరికింది. రక్తం పేరుకునేదాకా ట్యూబు నిలబెట్టి, తర్వాత చేత్తో నిటారుగా పట్టుకుని వ్యాన్ ఎక్కాను. కుదుపు తగలకూడదని రావు గారు ఎంత నెమ్మదిగా నడిపారంటే, గడ్డిమోపు వేసుకున్న సైకిలాయన కూడా మమ్మల్ని దాటిపోయాడు.

ఈసారి సీరమ్ లేత పసుపు. అంకె కిందటి రిపోర్టు కంటే కూడా తక్కువ, దాదాపు మామూలు స్థాయికి వచ్చేసింది. డాక్టరు గారికి ఫోన్ చేసి రెండు శాంపిళ్ల సంగతీ చెప్పాను. పాత మందే కొనసాగిస్తామన్నారు. తర్వాత హర్షిణి తల్లికి చేశాను.

"తగ్గిందండి."

"ఇంకోసారి చెప్పండి," అన్నారావిడ. ఇంకోసారి చెప్పాను.

ఇప్పుడు హర్షిణి బడికి వెళ్తోంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో రిపోర్టులు ఇచ్చాను గానీ, ఇది మాత్రం నేను చేసిన పని అని గర్వంగా చెప్పుకుంటాను. అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మెషిన్‌కి తెలియదు. ఆ అంకె పట్టుకుని ఒక తల్లి తెల్లవార్లూ కూర్చుంటుందనీ తెలియదు. నాకు రెండూ తెలుసు.