అన్న అరుగు మీద తిన్న రోజులు

నరసరావుపేట బజారులో మా అన్న నడిచి వెళుతుంటే అంగళ్ళలో కూర్చున్నవాళ్ళు లేచి పలకరించేవాళ్ళు. అటు మాచర్ల నుంచి ఇటు వినుకొండ దాకా అతని వీపు నేలకి ఆనించిన మొనగాడు లేడని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఇంట్లో ఆ వస్తాదు సంగతి మాకు తెలుసు. బల్లి కనిపిస్తే చాలు, మంచమెక్కి నన్ను కేకేసేవాడు. "ఒరేయ్, అది నిన్ను కుస్తీకి పిలవలేదురా, దిగు" అనేది అమ్మ.

మేం దూదేకులవాళ్ళం. నా చిన్నప్పుడే నాయన పోతే, దూది ఏకే విల్లు అమ్మ పట్టుకుంది. ఆడది విల్లు పట్టడం ఏందని మావాళ్ళే గొణిగారు. గొణిగినవాళ్ళెవరూ మాకు గిద్దెడు గింజలు పెట్టలేదు గనక అమ్మ వాళ్ళ మాట చెవిన వేసుకోలేదు. అమ్మ ఏకితే నేను పరుపులు, బొంతలు కుట్టేదాన్ని. కుస్తీలు లేని రోజుల్లో అన్న కూడా మా పక్కన చతికిలబడి, అంతలావు వేళ్ళతో సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చేవాడు. అమ్మకి దగ్గరి చూపు ఆనేది కాదు. వస్తాదు సూదితో తంటాలు పడుతుంటే చూడడానికి పక్కింటి పిన్ని పనిగట్టుకుని వచ్చేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బాదంపప్పు కంటికి కనపడేది కాదు. అమ్మ శనగలు నానబెట్టి, గసగసాలు నూరి పాలల్లో కలిపి అన్నకి ఇచ్చేది. మాకున్న ఒక్క గేదె పాలు అతనికి చిక్కగా, మాకు నీళ్ళుగా దక్కేవి. నాకు ఒళ్ళు మండేది. "పరుపులు మోసే నాకు ఒంట్లో బలం అక్కర్లేదా?" అని దెబ్బలాడేదాన్ని. అన్న తన గ్లాసులో సగం నా గిన్నెలోకి వొంపి, అమ్మ చూసేలోపు మూతి తుడుచుకునేవాడు.

అన్నకి కుస్తీ నేర్పిన ఉస్తాదు మా పేటలోనే కుర్రాళ్ళకి కసరత్తులు చేయించే తాలింఖానా నడిపేవాడు. ఎవరైనా కుస్తీకి పిలిస్తే, ఉస్తాదు చేతి మీదుగా తాంబూలం అందుకోవడమే ఒప్పుకున్నట్టు. ఇక అప్పటి నుంచి కుస్తీ అయ్యేదాకా అన్న మా మనిషి కాదు. పడక తాలింఖానాలోనే. ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. అన్నానికి వచ్చినా అరుగు మీద తిని పోవాలి. అతని ఎదుట ఎవరూ కంటతడి పెట్టకూడదు. జబ్బు మాట, చావు మాట అతని చెవిన పడనివ్వకూడదు. మనసు బరువెక్కితే కాలు కదలదని ఉస్తాదు అనేవాడు. ఇవన్నీ ఎవరు పెట్టారో గాని, ఆ మహానుభావుడికి ఇల్లూ వాకిలీ లేవనుకుంటాను. ఓడితే ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అన్న ఎప్పుడూ ఓడలేదు గనక మేమూ అడగలేదు.

ఆ ఎండాకాలం అన్న వినుకొండ కుస్తీకి తాంబూలం అందుకున్నాడు. అవతలివాడు కృష్ణకి ఆవలి ఒడ్డు నుంచి వచ్చే పహిల్వాను. చానా గట్టివాడని చెప్పుకున్నారు. ఆ తర్వాత కొద్ది రోజులకే అమ్మకి దగ్గులో నెత్తురు పడింది. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ చాలాసేపు చూసి, నన్ను పక్కకి పిలిచి, ఊపిరితిత్తులు పాడైపోయాయని, కావలసినవాళ్ళుంటే పిలిపించుకోమని చెప్పింది. జట్కాలో ఇంటికొస్తూ, నా ముఖంలోనే సంగతి చదివేసిన అమ్మ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"మీ అన్నకి చెప్పావంటే నా మీద ఒట్టే."

"చెప్పకపోతే ఎట్టనే అమ్మా?"

"కుస్తీ అయినాక చెబుదువులే. గెలిచి రాత్రి రైలుకే వచ్చేస్తాడుగా. ఈలోపు నేనెక్కడికి పోతా?"

నేను వెళ్ళి ఉస్తాదుకి చెప్పాను. ఆయనైనా నియమం పక్కన పెడతాడని నా ఆశ. ఆయన గోదా అంచున కూర్చుని తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "మీ అమ్మ ఒట్టు పెట్టింది గదా తల్లీ, నేనెట్టా చెప్పేది?" అన్నాడు. పెద్ద మనిషి అనిపించుకునేవాళ్ళు ఒక్కోసారి ఎందుకూ పనికిరారు.

లోపలి గదిలో అమ్మ మంచాన్ని తలుపు సందుకి ఎదురుగా జరిపించుకుంది. అక్కణ్ణుంచి అరుగు మీద తింటున్న అన్న వీపు కనపడేది. ముఖం కనపడేది కాదు.

"కూరెట్టా ఉందిరా?" అని లోపలి నుంచి కేకేసేది.

"ఉప్పెక్కువైందమ్మా."

"నీ చెల్లెలి చెయ్యి అది. నేను పనిలో ఉన్నా."

దగ్గు వినిపించినా అన్నకి అనుమానం రాలేదు. దూది దుమ్ముకి మా ఇంట్లో ఆ దగ్గు ఎప్పుడూ ఉన్నదే. "ఈ కుస్తీ అయినాక నిన్నా విల్లు ముట్టుకోనియ్యనే అమ్మా" అనేవాడు. నేను తలుపు వెనక పైట కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేదాన్ని. అతను చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాక, "వీపు మీద ఎంత మట్టుందో చూడవే, రుద్దేవాళ్ళు లేరు వాడికి" అనేది అమ్మ. చివరికి ఆ కేకలు కూడా వెయ్యలేకపోయింది. అమ్మ పడుకుందని చెబితే అన్న, "లేపబాక" అని చప్పుడు చెయ్యకుండా చెంబు కింద పెట్టి వెళ్ళాడు.

వినుకొండ వెళ్ళే రోజు గడప బయటే నిలబడి, "అమ్మా, పోయొస్తా" అన్నాడు. నేను అమ్మని ఎత్తి కూర్చోబెట్టాను. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, "గెలిచి రారా" అంది. వెళ్ళేవాడికి ఆమె ఎప్పుడూ చెప్పే మాటే అది.

రాత్రి రైలుకి ఉస్తాదు ఒక్కడే దిగాడు. అన్న ఓడిపోయాడు. "'అమ్మ గెలిచి రమ్మంది, ఏ ముఖం పెట్టుకుని పోను' అన్నాడు. చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంటే విదిలించుకుని జనంలో కలిసిపోయాడు" అన్నాడు ఉస్తాదు. అప్పుడైనా నిజం చెప్పారా అని అడిగాను. చెప్పేలోపే పోయాడని తల వంచుకున్నాడు.

అమ్మకి అంతా వినపడింది. "ఓడితే ఓడాడు. రమ్మనండయ్యా" అంది. తెల్లారగానే ఉస్తాదు మళ్ళీ వినుకొండ రైలెక్కాడు. అమ్మ రెండు తలుపులూ బార్లా తీయించి, వీధి వైపే చూస్తూ పడుకుంది. నీళ్ళు తాగమంటే, తల తిప్పాల్సి వస్తుందని వద్దంది. అట్లా ఆ పగలూ రాత్రీ చూసి చూసి, తెల్లవారుతుండగా పోయింది.

కొడుకు రాకుండా తీసుకెళ్ళొద్దని నేను వాకిట్లో అడ్డం కూర్చున్నాను. ఎండలు ముదిరాయని, శవాన్ని ఆపకూడదని పెద్దలు నచ్చజెప్పారు. మధ్యాహ్నం నమాజు కాగానే తీసుకెళ్ళిపోయారు.

మర్నాడు అన్నం వేళకి అన్న వచ్చాడు. వినుకొండ నుంచి రైలు కట్ట పట్టుకుని నడిచొచ్చాడట, రైలెక్కి వెతకబోయిన ఉస్తాదుకి ఎదురుపడనే లేదు. కాళ్ళు పగిలి ఉన్నాయి. అరుగు మీద కూలబడి తలెత్తకుండా, "ఓడిపోయానే" అన్నాడు. నేను చెంబుతో నీళ్ళు అందిస్తే తలెత్తి నా ముఖం చూశాడు. చెప్పాను.

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు.

"కుస్తీ అయిన రోజు రాత్రి ఉందా?"

"ఉంది."

"ఆ మర్నాడు?"

"ఉంది. వీధిలోకే చూస్తా ఉంది."

"గెలిచుంటే ఆ రాత్రే రైలెక్కేవాణ్ణే" అన్నాడు.

నాకు అతని మీద, ఉస్తాదు మీద, ఒట్టు పెట్టి పోయిన అమ్మ మీద కూడా చెప్పలేనంత కోపం వచ్చింది.

"ఓడినోళ్ళని రైలెక్కించుకోరా అన్నా?" అన్నాను.

అన్న లేచి లోపలికి వెళ్ళి, ఖాళీ మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. మంచం కోడు రెండు చేతులా పట్టుకుని, వీధివాళ్ళంతా పరుగెత్తుకొచ్చేట్టు ఏడ్చాడు.