అక్కకు నేను పంపిన గోలీలు

2005 ప్రాంతంలో నాకు కోదాడలో చిన్న మందుల షాపు ఉండేది. మా అక్కను ఇచ్చింది మాడుగులపల్లిలో, గొర్లున్న ఇంటికి. మంద వెంట తిరుగుతూ ఎక్కడి నీళ్లు అక్కడ తాగేది. కడుపు చెడితే దవాఖానకు పోకుండా నాకు ఫోన్ చేసేది.

"తమ్మీ, మళ్ల కడుపు గడబిడ అయితాంది. గా గోలీలు పంపు జర."

మిర్యాలగూడ బస్సు కండక్టర్ చేతికి యాంటీబయాటిక్ గోలీలు ఇస్తే, బావ బస్టాండులో తీసుకునేవాడు. రెండు రోజుల్లో తగ్గేది. అట్లా నాలుగేళ్లు పంపాను. డాక్టరుకు చూపించమని ఒక్కసారీ అనలేదు.

ఒకరోజు వాళ్లింటికి పోతే అందరూ ఉడకబెట్టిన ఉలవ గుడాలు తింటున్నారు. వాటికోసం చిన్నప్పుడు నాతో కొట్లాడిన అక్క, తెల్లన్నంలో చారు పోసుకుని తింటోంది.

"గుడాలు తింటే కడుపు ఉబ్బుతాంది. పుంటికూర గూడ పడ్తలేదు" అంది.

"గుడాలైనా గోంగూరైనా, పడకపోతే మానెయ్ అక్కా" అన్నాను. గ్యాస్ గోలీలు ఇచ్చి వచ్చాను.

ఏడాదిలో ఆమె సగమైంది. అప్పుడు సూర్యాపేటలో ఒక డాక్టరమ్మకు చూపించాం. ఏ మందులు వాడారని ఆమె అడిగితే, నేనే చెప్పాల్సి వచ్చింది.

"పప్పుల్లో పీచు, ఆకుకూరల్లో వగరు మన కడుపు తనంతట తాను అరిగించుకోలేదు" అంది డాక్టరమ్మ. "పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు వాటిని విరగ్గొట్టి ఒంటికి పనికొచ్చేలా చేస్తాయి. అన్నిసార్లు వేసిన మందు చెడ్డవాటితో పాటు వాటినీ చంపి ఉంటుంది. పైగా పప్పులు, కూరలు మాన్పించారు. మిగిలినవాటికి తిండేది?"

అక్క పక్కనే కూర్చుని అంతా విన్నది. బస్సులో నా చేయి పట్టుకుని, "నువ్వు నా మంచికేనాయె ఇచ్చింది. పరేషాన్ కాకు" అంది. ఆ మాట అనేకన్నా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

డాక్టరమ్మ చెప్పినట్టు పలుచటి పప్పుకట్టుతో మొదలుపెట్టి, నెలల మీద చారెడు పెసర్లు, ఆకుకూర, అర జొన్నరొట్టె దాకా వచ్చింది. మనిషి కొంత తేరుకుంది. ఉలవలు మాత్రం మళ్లీ పడలేదు.

అప్పటి నుంచి డాక్టరు చీటీ లేనిదే ఆ మందులు ఇవ్వడం మానేశాను. అడిగినవాళ్లకు ఎందుకు ఇవ్వనో ఓపిగ్గా వివరించేవాణ్ని. తప్పు నాదేనని అక్కతో మాత్రం ఎన్నడూ నోరు తెరిచి అనలేకపోయాను.